పాత పద్ధతి మడి

ఆ గురువారం పొద్దున రత్నబాబు వేసుకున్న పథకంలో వంక పెట్టడానికేమీ లేదు. తొమ్మిదిన్నరకు ముప్పై మంది రైతులు వస్తారు. పదింటికి పై అధికారి డాక్టర్ షౌకీ వస్తాడు. పన్నెండు దాకా టమాటా మళ్లు చూస్తారు. ఒంటిగంటకు పొట్టేలు మాంసం, అన్నం. మూడింటికి, కడుపు నిండిన డాక్టర్ షౌకీ ఒక కాగితం మీద సంతకం పెడతాడు.

అసలు సంగతంతా ఆ కాగితంలోనే ఉంది. ధైద్ ఊరి చివరనున్న వ్యవసాయ విస్తరణ కేంద్రం వెనక రెండు గదుల ఇల్లొకటి ఏడాదిగా ఖాళీగా పడి ఉంది. రత్నబాబుకు పెళ్లయి మూడేళ్లు. భార్య దయారాణి దుబాయ్‌లో నర్సు, అక్కడి డేరా అనే పేటలో నర్సుల హాస్టల్లో ఉంటుంది. ఇతను ఇక్కడ ముగ్గురు పంపు మెకానిక్కులతో ఒకే గదిలో ఉంటాడు. ప్రతి శుక్రవారం చర్చి అయ్యాక ఇద్దరూ కలిసి టీ తాగుతారు. పావు దిర్హమిచ్చి అబ్రా పడవెక్కి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు, మళ్లీ ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు తిరుగుతారు. సాయంత్రం ఆరింటికి హాస్టల్ గేటు దగ్గర విడిపోతారు. కాపురమంటూ వాళ్లు చేసింది చాలామటుకు నీళ్ల మీదే.

ఇల్లొస్తే దయారాణికి ధైద్ ఆసుపత్రికి బదిలీ ఇస్తామన్నారు. కిటికీల కొలతలు రత్నబాబు పొలం కొలిచే టేపుతో తీసి పంపాడు. ఆమె ఆకుపచ్చ కర్టెన్లు కుట్టి ఇస్త్రీ చేసి పెట్టెలో పెట్టుకుంది. డాక్టర్ షౌకీ మాత్రం ఒక్క మెలిక పెట్టాడు. రైతుల కార్యక్రమం బాగా జరిగిందని తను నివేదిక రాయగలిగితే ఇల్లు రత్నబాబుది. లేకపోతే దాన్ని సామాన్ల గది చేసేస్తారు.

విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్లు కనిపెట్టినవాటిని వాగుల పక్కన, ఇసుక దిబ్బల మధ్యన ఉండే రైతుల దాకా చేర్చడం ఆ కేంద్రం పని. మొదట కరపత్రాలు పంచారు. రైతులు మర్యాదగా పుచ్చుకుని వాటిలో ఖర్జూరాలు చుట్టుకున్నారు. తరవాత గదిలో తెర కట్టి బొమ్మలు చూపించారు. రైతులు ఆ చీకట్లో హాయిగా నిద్రపోయారు. చివరికి ఈజిప్టు నుంచి వచ్చిన డాక్టర్ షౌకీ, రైతు కళ్లతో చూస్తేనే నమ్ముతాడని తేల్చి, ఖల్ఫాన్ అనే పెద్ద రైతు పొలంలో పక్కపక్కన రెండు టమాటా మళ్లు వేయించాడు.

ఎడమ మడి విశ్వవిద్యాలయానిది. అందులో చుక్క చుక్కగా నీళ్లు కార్చే నల్ల పైపులు, తూచి వేసే బస్తా ఎరువు. కుడి మడి పాత పద్ధతిది. దానికి మామూలుగా కాలవ నీళ్లు వదిలి ఊరుకోవాలి. నాలుగు నెలల తరవాత రెండూ చూస్తే తేడా తెలిసిపోతుంది. ఎడమది బాగుంటుంది, కుడిది బాగుండదు. బాగుండకపోవడమే కుడి మడి ఉద్యోగం.

రత్నబాబు బాపట్లలో వ్యవసాయం చదివాడు. మట్టిలో చెయ్యి పెట్టడం తప్ప మట్టి గురించి మిగతావన్నీ అతనికి తెలుసు. శిక్షణ కోసం మూడు నెలలు పెద్ద క్యాంపస్‌లో ఉండి ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చాడు. గురువారం పొద్దున ఆరున్నరకు పొలానికి వెళ్లి గట్టు మీద అలాగే నిలబడిపోయాడు.

కుడి మడి అడవిలా ఉంది. నడుమెత్తు మొక్కలు, ప్రతి మొక్కకూ ఖర్జూరపు మట్టతో ఊతం, కొమ్మకొమ్మకూ ఎర్రటి గుత్తులు. ఎడమ మడిలో మొక్కలు మూడురోజుల జ్వరం నుంచి లేచినట్టున్నాయి. కాయలు నిమ్మకాయలంత ఉన్నాయి. రత్నబాబు తను తప్పుగా నిలబడ్డానేమోనని రెండు బోర్డులూ మళ్లీ చదివాడు. తప్పేమీ లేదు.

ఖల్ఫాన్ దగ్గర పనిచేసే లచ్చన్న గట్టు మీద తువ్వాలు దులుపుతూ, పెళ్లికొడుకు తండ్రిలా నవ్వుతూ నిలబడి ఉన్నాడు. జగిత్యాల పక్క పల్లె నుంచి వచ్చి మూడేళ్లయింది.

"లచ్చన్నా, ఏంటయ్యా ఇది?"

"గెలిచినం సారు," అన్నాడు లచ్చన్న.

రత్నబాబుకు విషయం అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నాలుగు నెలల క్రితం తనే చెప్పాడు, ఒక పక్క యూనివర్సిటీ, ఇంకో పక్క మీ పాత పద్ధతి, ఆఖర్న అందరూ వచ్చి ఏది మేలో చూస్తారని. పందెం కాకపోతే మరేమిటది? అటు పక్క కోట్లు తొడుక్కున్న ప్రొఫెసర్లు, మిషన్లు, బస్తాల ఎరువులు. ఇటు పక్క లచ్చన్న ఒక్కడు. పాత పద్ధతి అంటే వాళ్ల నాయన పసుపు చేను చేసిన పద్ధతి. దాన్ని నలుగురిలో ఓడిపోనిస్తాడా? మేకల ఎరువేశాడు, వారానికి రెండుసార్లు కలుపు తీశాడు, పొద్దు వాలాక నీళ్లు పెట్టాడు, పనికిరాని పిలకలు గిల్లాడు. ఇంటికి పంపిన ఉత్తరాల్లో పెళ్లాం ఐలవ్వ యోగక్షేమాల కన్నా ముందు టమాటాల సంగతే రాయించాడు.

"ఆ మడిని పట్టించుకోవద్దని చెప్పాను కదయ్యా," అన్నాడు రత్నబాబు నీరసంగా.

"జెప్పిండ్రు సారు. అవతలి జట్టోళ్లు గట్లనే జెప్తరు గద."

"మరి మా మడి ఎందుకిలా అయింది?"

లచ్చన్న మొహంలో గెలిచినవాడి జాలి కనిపించింది. "బావి నీళ్లల్ల ఉప్పున్నది. పైపుల బొక్కలన్ని మూసుకపొయినయి. జూసిన. కని పైపులు ముట్టద్దని మీరే అంటిరి. ముట్టలె."

రత్నబాబు గడియారం చూసుకున్నాడు. ఆరూ యాభై. అతని కళ్ల ముందు ఆకుపచ్చ కర్టెన్లు ఒక్కొక్కటే మడతపడి పెట్టెలోకి వెళ్లిపోతున్నాయి. సరిగ్గా అప్పుడే అతనికి ఆ ఆలోచన వచ్చింది. అది వచ్చి ఉండకపోతే ఆ రోజు మామూలుగా చెడిపోయి ఊరుకునేది.

అతను ఎడమ మడిలోని ఆకుపచ్చ రేకు బోర్డు పీకి కుడి మడిలో పాతాడు. కుడి మడిలోని తెల్ల చెక్క బోర్డు తెచ్చి ఎడమ మడిలో పాతాడు. నాట్ల తరవాత ఒక్కసారీ ఇటు రాని డాక్టర్ షౌకీకి ఏది ఏ మడో చెప్పేది ఆ బోర్డులే. అరబ్బీ, ఇంగ్లీషు చదవడం రాకపోయినా ఆకుపచ్చ బోర్డు ఎవరిదో లచ్చన్నకు తెలుసు. అతని నవ్వు ఆరిపోయింది.

"పండించింది నేను, పేరు ఆళ్లదా?"

రత్నబాబు ఇంటి సంగతి, కాగితం సంగతి, పడవ సంగతి, చివరికి కర్టెన్ల సంగతి కూడా చెప్పుకున్నాడు. లచ్చన్న తువ్వాలు మడిచి భుజాన వేసుకున్నాడు. మూడేళ్లుగా పెళ్లాన్ని చూడనివాడికి ఆ కర్టెన్ల గురించి ఇంకొకరు విడమరిచి చెప్పక్కర్లేదు.

"గట్ల ముందే జెప్పద్దా సారు," అన్నాడు. "పందెం బోతె బోయింది. అక్క ఇంటికి రావాలె."

పని అయిపోయిందని రత్నబాబు గుండె నిండా ఊపిరి పీల్చుకున్నాడు. ఈలోగా కేంద్రం పికప్పులో కుర్చీలు వేసుకుని హయాత్ బాషా దిగాడు. రాయచోటి మనిషి. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాడు. కేంద్రానికి డ్రైవరూ అతనే, రైతులకు అరబ్బీలో చెప్పే దుబాసీ అతనే. రెండు మళ్లనూ ఒకసారి, రెండు బోర్డులనూ ఒకసారి చూశాడు. ఎవరూ ఏమీ చెప్పకుండానే అంతా గ్రహించాడు.

"బోర్డులు మార్చినారు, బాగుంది సార్. పైపులు?"

నిజమే. పైపుల మడి అని రాసి ఉన్నచోట పైపు లేదు. పాత పద్ధతి అని రాసి ఉన్నచోట ఆరు వరసల పైపు ఉంది. అప్పటికి ఏడూ పది.

తరవాతి గంటన్నర ముగ్గురూ పాముల్ని లాగినట్టు నల్ల పైపులు లాగారు. ఎడమ మడి నుంచి పీకడం తేలికే, అడవిలాంటి కుడి మడిలో పరచడమే కష్టం. మొక్క మొక్కకూ వంగి, మట్టి గీరి, పైపు అమర్చాలి. మూసుకుపోయిన బొక్కలు ఎలాగైనా తెరవమని రత్నబాబు అంటే, ఆ బాధ్యత తనదన్నాడు లచ్చన్న. రత్నబాబు ఎడమ మడికి కాలవ తీయడానికి వెళ్లాడు. జీవితంలో మొదటిసారి పార పట్టాడు. కాలవ వంకర టింకరగా వచ్చింది. పాత పద్ధతి అంటే అలాగే ఉంటుందని సమాధానపడ్డాడు.

ఎనిమిదిన్నరకు హయాత్ బాషా లేచి నిలబడి ముక్కు మూసుకున్నాడు.

"ఏమబ్బా లచ్చన్నా, ఈ మడిలో ఎవుర్ని పూడ్చిపెట్టినావు?"

మట్టి గీరినచోటల్లా ఎండుచేపల వాసన పొగలా లేస్తోంది. లచ్చన్న తల గోక్కున్నాడు. అర్బాబ్, అంటే యజమాని ఖల్ఫాన్, ఖర్జూరపు చెట్ల మొదట్లో వేయడానికి ఎండుచేపల బస్తాలు తెప్పిస్తాడు. ఈ వైపు తాతల నాటి ఎరువది. చెట్లకు అంత మేలు చేసేది టమాటాకు చేయదా అని లచ్చన్న మొక్కకు నాలుగు గుప్పెళ్ల చొప్పున విడతలు విడతలుగా పాతాడు. మొత్తం మీద ఆరు బస్తాలు పట్టాయి. అడిగి తీసుకున్నావా అంటే పొలానికి ఏం కావాలన్నా తీసుకోమని అర్బాబ్ ఎప్పుడో అన్నాడని చెప్పాడు.

విశ్వవిద్యాలయం ఆధునిక మడి చేపల బజారులా వాసన కొడితే ఎవరు నమ్ముతారు? అప్పటికే పొలంలోని పిల్లులు కంచె మీద వరసగా కూర్చుని మడికేసి చూస్తున్నాయి. హయాత్ బాషా పరిగెత్తాడు. ఖల్ఫాన్ అతిథుల గదిలో వచ్చినవాళ్లకు ఊదు ధూపం వేసే ఇత్తడి పాత్రలు రెండు, బొగ్గులు, గుప్పెడు ఊదు పట్టుకొచ్చి మడికి రెండు చివర్లా పెట్టాడు. పది నిమిషాల్లో టమాటా మడి మీద పెళ్లివారింటి పరిమళం అలుముకుంది.

రైతులు తొమ్మిదిన్నరకు రావాలి. పొట్టేలు పొయ్యి మీదికి ఎక్కిందని తెలిసి తొమ్మిదికే వచ్చారు. కుడి మడి గట్టు మీద ముప్పై మందీ వరసగా నిలబడి చూశారు. అలాంటి టమాటాలు వాళ్లెప్పుడూ చూడలేదు. మడికి ధూపం వేయడమూ చూడలేదు. వాళ్లలో బాగా ముసలాయన హయాత్ బాషాను పక్కకు పిలిచి, ఊదు వారానికి ఎన్నిసార్లు వేయాలని అడిగాడు. హయాత్ బాషా ప్రశ్నకు జవాబు లేదనే రకం కాదు. రెండుసార్లు చాలునన్నాడు. ఏ ఊరి ఊదు మంచిదని ఇంకొకాయన అడిగాడు. దానికీ జవాబు చెప్పాడు.

పదింటికి డాక్టర్ షౌకీ మీగడ రంగు సూటులో కారు దిగేసరికి, విశ్వవిద్యాలయం టమాటాకు ఊదు సిఫారసు చేసిందన్న సంగతి ముప్పై మందికీ కంఠతా వచ్చేసింది. ఆయన రత్నబాబును దగ్గరకు పిలిచి, ఇది ఏ ప్రొఫెసర్ చెప్పాడని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగాడు.

"తెల్లదోమకండీ," అన్నాడు రత్నబాబు. నాలుక తనది కానట్టుంది. "పొగకు పోతుందని..."

డాక్టర్ షౌకీ జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు. మడికి మోతాదు ఎంతని అడిగాడు. గుప్పెడన్నాడు రత్నబాబు. ఎవరి గుప్పెడని అడక్కుండానే డాక్టర్ రాసుకున్నాడు. రాసుకుంటూ మొక్కల మధ్యకు చూశాడు, కాయ పట్టుకుని చూశాడు. ఆయన కళ్లు మెరిశాయి. పదేళ్లుగా ఆయన రాసిన నివేదికలన్నిటిలోనూ 'ఆశాజనకం' అన్న మాటే ఉండేది. ఈసారి ఇంకో మాట వెతుక్కుంటున్నట్టు కనిపించింది.

రత్నబాబు మనసులో రెండు గదుల ఇంటికి సున్నం కూడా వేయించేశాడు.

అప్పుడు డాక్టర్ షౌకీ రైతులందరినీ మడి చుట్టూ దగ్గరగా రమ్మన్నాడు. ఒక్క చుక్క నీరు కూడా వృథా కాకుండా మొక్క మొదట్లోనే ఎలా పడుతుందో స్వయంగా చూపిస్తానన్నాడు. పంపు ఆన్ చేయించి పైపుల ముందున్న చక్రం మీద చెయ్యి వేశాడు. రత్నబాబు లచ్చన్న వైపు చూశాడు. బొక్కలు తెరిచావా అన్నట్టు కళ్లెగరేశాడు. లచ్చన్న గర్వంగా నడుముకు దోపుకున్న పనిముట్టు తీసి చూపించాడు. గోనె సంచులు కుట్టే దబ్బనం.

సూదిమొన కన్నా సన్నటి బొక్కలవి. వాటిలో దబ్బనం దూర్చాడు, అదీ ఆరు వరసలకూ, ఒక్కటి కూడా వదలకుండా. రత్నబాబు నోరు తెరిచాడు. అప్పటికే డాక్టర్ చక్రం తిప్పేశాడు.

మూడు వందల చోట్ల నుంచి మూడు వందల ధారలు మనిషెత్తు లేచాయి. మొదటి ధార డాక్టర్ షౌకీ కళ్లద్దాల మీద, రెండోది చిన్న పుస్తకం మీద, మిగతావి ముప్పై మంది రైతుల తెల్లటి అంగీల మీద సమానంగా పడ్డాయి. ధూపం చుయ్యిమని ఆరిపోయింది. చక్రం వెనక్కి తిప్పబోతే తడి చేతికి జారిపోయింది. హయాత్ బాషా పరిగెత్తి పంపు ఆపేలోపు మొక్కల మొదట్లో మట్టి కొట్టుకుపోయింది. కింద దాక్కున్నవి వెండిలా మెరుస్తూ ఒక్కొక్కటే బయటకొచ్చాయి.

పిల్లులు కంచె దిగాయి. మొత్తం ఏడు. వాటికి ఏ ప్రొఫెసరూ చూపించక్కర్లేకపోయింది.

ఖల్ఫాన్ వంగి ఒక చేపను తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. మూడు నెలలుగా అతని చేపల బస్తాలు మాయమవుతున్నాయి. ఇదంతా పిల్లుల పనేనని రెండుసార్లు వాటిని గోనెలో కట్టి అవతలి ఊళ్లోని తమ్ముడి పొలంలో వదిలి వచ్చాడు. రెండుసార్లూ అవి నడుచుకుంటూ తిరిగొచ్చాయి. ఇప్పుడు అతను పిల్లుల వైపు ఒకసారి చూసి, ఆ తరవాత లచ్చన్న వైపు చూశాడు.

లచ్చన్నకు పూచీ ఉన్న కఫీల్ అతనే. వీసా అతనిది, పాస్‌పోర్టు అతని పెట్టెలో ఉంది. ఖల్ఫాన్ గొంతు పెంచలేదు. దొంగను పొలంలో ఉంచుకోనన్నాడు, ఖలాస్ అన్నాడు, శనివారం టికెట్ అన్నాడు. హయాత్ బాషా ఆ మాటల్ని తెలుగులోకి మార్చకుండా తల దించుకున్నాడు. మార్చాల్సిన అవసరమూ లేదు.

"అర్బాబ్ పొలంకని తెచ్చిన చేపలు అర్బాబ్ పొలంలనే ఏసిన," అన్నాడు లచ్చన్న మెల్లగా. "నేను తిన్ననా?"

ఇక్కడ రత్నబాబు నోరు మూసుకుని ఊరుకోవచ్చు. డాక్టర్ షౌకీకి ఇంకా బోర్డుల సంగతి తెలియదు. కూలివాడు తెలివితక్కువగా చేపలు పాతిపెట్టాడు, దబ్బనం దూర్చాడు, పంట మాత్రం యూనివర్సిటీదే అనుకుంటాడు. సూటు ఆరుతుంది. కాగితం మీద సంతకం పడుతుంది. కర్టెన్లు కిటికీలకెక్కుతాయి. లచ్చన్న ఒక్కడూ శనివారం విమానమెక్కుతాడు.

రత్నబాబు తడి చొక్కాతో రెండడుగులు ముందుకు వేశాడు.

"సార్, ఈ మడి మాది కాదు. బోర్డులు మార్చింది నేను. ఇది ఇతను పండించిన పంట. మా మడి అదిగో, అది."

అందరూ ఎడమ మడి వైపు తలలు తిప్పారు. అంత మంది ఒకేసారి చూసేసరికి ఆ మొక్కలు ఇంకొంచెం వంగినట్టనిపించింది. రత్నబాబు మిగతాది కూడా చెప్పేశాడు. పందెమనుకున్న సంగతి, ఉప్పుకు మూసుకుపోయిన బొక్కలు, ఊదు తెల్లదోమకు కాదని, ముక్కులకని. అతను నాలుగు నిమిషాలు మాట్లాడితే హయాత్ బాషా రైతులకు పావుగంట చెప్పాడు. మధ్యలో చేతులతో కిటికీ ఆకారం గీశాడు, పడవ తెడ్డు వేశాడు. ఒకచోట ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు.

హయాత్ బాషా ముగించాడు. డాక్టర్ షౌకీ కళ్లద్దాలు తుడుచుకోవడానికి పొడిబట్ట కోసం వెతుకుతున్నాడు. ఆయన దగ్గర పొడిబట్ట లేదు, ఎవరి దగ్గరా లేదు.

అప్పుడా ముసలాయన మడిలోకి దిగి ఒక టమాటా తెంపి కొరికాడు. నమిలాడు. ఖల్ఫాన్ భుజం తట్టి ఏదో అన్నాడు. అది విని రైతులంతా నవ్వారు. హయాత్ బాషా రత్నబాబు చెవిలో చెప్పాడు.

"నీ తాత పద్ధతి యూనివర్సిటీని ఓడించింది, దాన్ని గెలిపించినవాణ్ణి నువ్వు ఇంటికి పంపుతున్నావా అంటున్నాడు సార్."

ఖల్ఫాన్ ఆలోచించాడు. ముప్పై మంది ఇరుగుపొరుగు రైతుల ముందు విశ్వవిద్యాలయం ఓడిపోయి తన చేపలు గెలవడమన్నది అతనికి అప్పటిదాకా తట్టని కోణం. గడ్డం నిమురుకున్నాడు. ఛాతీ కొంచెం ముందుకొచ్చింది. ఆ చేపలు వేయమని తనే చెప్పి మరిచిపోయి ఉంటానన్నాడు. శనివారం టికెట్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఆ తరవాత ప్రశ్నలు మొదలయ్యాయి. మొక్కకు ఎన్ని చేపలు? ఎంత లోతున? పిలకలు ఎప్పుడు గిల్లాలి? ఉప్పునీటికి బొక్కలు మూసుకుపోకుండా ఏం చేయాలి? దబ్బనం ఏ సైజుది? మొదటి మూడింటికి, ఆఖరిదానికి లచ్చన్న హిందీలో, సైగల్లో, చేతికి మట్టి పూసుకుని మరీ చెప్పాడు. ఉప్పు సంగతి రత్నబాబు చెప్పాడు. పలచటి ఆమ్లంతో పైపులు కడగాలని పుస్తకంలో ఉంది, అది నిజంగానే పనికొచ్చే విషయం. రైతులు శ్రద్ధగా విన్నారు. కరపత్రం ఉంటే ఇవ్వమని ఒకాయన అడిగాడు. కేంద్రం చరిత్రలో కరపత్రాన్ని అడిగి పుచ్చుకున్న మొదటి రైతు అతనే. పొట్టేలు మాంసం చల్లారిపోయి మళ్లీ వేడి చేయాల్సి వచ్చింది.

డాక్టర్ షౌకీ ఖల్ఫాన్ ఇచ్చిన తెల్లటి అంగీ తొడుక్కుని భోజనానికి కూర్చున్నాడు. ఆయన సూటు టమాటా ఊతాల మీద ఆరుతోంది.  తడిసిన చిన్న పుస్తకంలో ఒక లెక్క రాశాడు. రైతులు వేసిన ప్రశ్నలు నలభై ఆరు. కిందటి కార్యక్రమంలో వచ్చింది ఒక్కటే, భోజనం ఎప్పుడని.

మూడింటికి రత్నబాబును పిలిపించాడు. నువ్వు చేసింది మోసమని ముందు పది నిమిషాలు చెప్పాడు. రత్నబాబు ఒప్పుకున్నాడు. మోసం చేసి ఒక్క పూటైనా గడవకుండా ఒప్పుకున్నవాణ్ణి ఈ ఉద్యోగంలో ఇంతవరకు చూడలేదని ఆ తరవాత చెప్పాడు. వచ్చే ఏడు మూడు మళ్లు వేయాలి, మూడోదానిలో చేపలూ ఉండాలి, శుభ్రంగా కడిగిన పైపులూ ఉండాలి. వారానికి రెండు రోజులు లచ్చన్నను ఖల్ఫాన్ కేంద్రానికి పంపుతాడు, రైతులకు నేర్పడానికి. అతని దగ్గర రత్నబాబు పార పట్టడం నేర్చుకోవాలి. ఆ కాలవ తను చూశానని డాక్టర్ అన్నాడు.

తరవాత కాగితం తీసి సంతకం పెట్టాడు. ఇల్లు రత్నబాబుదే. ఒక్క చిన్న మార్పు. మూడో మడికి కావలసిన ఎండుచేపలు ఎండకు, పిల్లులకు అందకుండా నాలుగు గోడల మధ్య ఉంచాలి. కేంద్రంలో వేరే చోటు లేదు కాబట్టి, రెండు గదుల్లో ఒకటి చేపలకు.

శుక్రవారం అంతా రత్నబాబు ఆ మాట దయారాణికి ఎలా చెప్పాలా అని ఆలోచించాడు. పడవలో చెప్పలేకపోయాడు. పై వారం ఆమె సామానుతో, కర్టెన్ల పెట్టెతో టాక్సీ దిగింది. చేపలు ముందురోజే దిగాయి, ఇరవై బస్తాలు. ఇంటి తలుపు తీయకముందే వాసన వీధిలోకొచ్చి ఎదురుకోలు పలికింది. సాయానికొచ్చిన లచ్చన్న, హయాత్ బాషా పెట్టెలు దించి మర్యాదగా పదడుగులు వెనక్కి తగ్గారు.

దయారాణి గుమ్మంలో ఆగింది. గాలి పీల్చింది. ఇంకోసారి పీల్చింది. పెట్టె కింద పెట్టి, భర్తను దాటుకుని, తిన్నగా రెండో గదిలోకి వెళ్లి ఒక బస్తా మూతి విప్పింది.

ఆమె పుట్టింది నిజాంపట్నంలో, సముద్రపు గట్టున. హాస్టల్ వార్డెన్ మూడేళ్లుగా గదిలో ఎండుచేప అన్నమాటే ఎత్తనివ్వలేదు.

"ఏవండీ," అంది గుప్పెడు చేపలు వెలుతురులోకి పట్టి చూస్తూ.  "నెత్తళ్లు. ఇంత మంచి నెత్తళ్లు మట్టిలో పాతిపెడతారా మీరు?"

ఆ సాయంత్రం ఆకుపచ్చ కర్టెన్ల వెనక నలుగురూ భోంచేశారు. లచ్చన్న టమాటాలు తెచ్చాడు, దయారాణి చింతపండు నానబెట్టింది. పులుసు రెండుసార్లు వండాల్సి వచ్చింది.

నెలాఖరున విస్తరణ కేంద్రం పంపిన నివేదికలో చేపల ఎరువు ఒక బస్తా తక్కువ తేలింది. 'కారణం' అన్నచోట రత్నబాబు చక్కటి దస్తూరీతో 'పిల్లులు' అని రాశాడు.